తాళంచెవి గుర్తు

పడవలకు పేర్లు రాసేవాణ్ణి నేను.
పడవలు తగ్గాక గోడలకు మొహాలు వేస్తున్నాను.
ఎన్నికలొస్తే మా ఇంట వల నిండినట్టే.
ఈసారి ఒమోలో మొహం పదమూడు గోడల మీద వేశాను,
గోడకు ఎనిమిది వందల షిల్లింగులు,
పళ్లు తెల్లగా రావాలని పైన మరో యాభై.

నిన్న పెర్పెచువా అడోంగో వచ్చింది.
ఒక్క గోడే అడిగింది.
అదీ డిస్పెన్సరీ వెనక గోడ,
ఒమేనా చేపలు ఎండబోసే వలల పక్కన,
ఎవడూ డబ్బు పెట్టి కొనని గోడ.
"ఆడవాళ్లు కూర్చునేది అక్కడే కదా" అంది.

బకెట్ గుర్తు అడిగిందట, అప్పటికే ఎవరో పట్టుకుపోయారు.
థర్మామీటర్ అడిగితే
అధికారి కళ్లజోడు సర్దుకుని
"కలంలా ఉందమ్మా, జనం పొరబడతారు" అన్నాడట.
మిగిలిన వాటిలోంచి తాళంచెవి ఇచ్చారు.
నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.
నాలుగు దాటితే మందుల గదికి పడే తాళం
ఈ సరస్సు ఒడ్డున ఎవరికి తెలియదు?

ముందు సున్నం కొట్టాను. ఆరేదాకా కూర్చున్నాం.
మిలికా ముసలమ్మ వచ్చి చెయ్యి చాపింది,
చీరెడు పంచదార కోసమనుకున్నాను,
బీపీ చూడమని.
పట్టీ చుట్టి, గాలి కొట్టి, చెవులు రిక్కించి
అడోంగో అంకెలు లోపల్లోపల చదువుకుంది.
తర్వాత కాలి పుండుతో ఒక కుర్రాడు.
తర్వాత ఒకామె, ఏమీ చెప్పకుండా, ఊరికే పక్కన.
ముగ్గురికీ కరపత్రం ఇవ్వడం మరిచిపోయింది.
"ఇలాగైతే గెలిచినట్టే" అన్నాను.

కళ్లు కుదిరాయి. దవడ కుదిరింది.
చేతుల దగ్గర కుంచె ఆగింది.
ఆ చేతులు నాకు మరీ బాగా తెలుసు, అదే చిక్కు.

గుర్రపు డెక్క ఒడ్డంతా కమ్మేసిన ఏడు
కుళాయి రాక సరస్సు నీళ్లే తాగాం.
నా ఒచోలాకు మూడేళ్లు. కళ్లు లోతుకు పోయాయి.
పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే
నలిగిన గుడ్డలా అట్టే నిలబడిపోయింది.
అడోంగో సోడా సీసా మూతతో
ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు,
ఒక్కో మూత, ఒక్కో మూత,
కక్కితే కాసేపాగి మళ్లీ ఒక్కో మూత,
మూతకో గీత, మా గోడ మీద, బొగ్గుతో.
తెల్లారేసరికి రెండు వందల పన్నెండు.
సున్నం కొట్టినప్పుడల్లా ఆ చోటు వదిలేస్తాను.

ఆ ఏడే ఇల్లిల్లూ తిరిగి రాసుకుంది:
ఏ ఇంటికి దొడ్డి లేదు, ఏ కుళాయి ఎన్నాళ్లుగా పొడి,
ఎవరింట ఎవరు పోయారు.
మూడు నోటుపుస్తకాలు కౌంటీ ఆఫీసులో ఇచ్చొచ్చింది.
మళ్లీ వెళ్లినప్పుడు
కుంటి బల్ల కాలి కింద కనబడ్డాయి, ఎత్తు సరిపోవడానికి.
కోపం రాలేదట.
ఆ బల్ల దగ్గర నేనే కూర్చోవాలి అనుకుందట.

పొద్దువాలాక ముసలమ్మ మళ్లీ వచ్చి
సగం ఆరిన మొహాన్ని చాలాసేపు చూసింది.
"నువ్వు గెలిస్తే మా ఇంటికి ఎవరొస్తారు?"

ఒమోలో అయితే ఏదో ఒకటి టపీమని అనేవాడు.
అడోంగో నోరు తెరిచి, మూసి,
"తెలీదు" అంది.
కాసేపయ్యాక
"నీ మనవరాల్ని పంపు, పట్టీ చుట్టడం నేర్పుతాను" అంది.
ముసలమ్మకు అది నచ్చలేదు.
గొణుక్కుంటూ వలలు దాటి వెళ్లిపోయింది.
ఆ ఓటు ఎటు పడుతుందో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు.

ఎనిమిది వందలూ చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చింది.
తీసుకున్నాను. రంగు ఊరికే రాదు.
కుడిచేతిలో తాళంచెవి వేశాను, అందరికీ కనబడేలా.
ఎడమచేతి వేళ్ల మధ్య ఒక సీసా మూత,
తెలియనివాళ్లు గుండీ అనుకుంటారు.
తెల్లరంగు డబ్బా మూత తియ్యలేదు.
నోరు మూసి, తల కొంచెం పక్కకు వంచి,
ఎవరో ఇంకా చెబుతున్నట్టే వేశాను.